నా నెత్తురుకు తెలిసిన పురుగు

చలికాలం మొదలైతే మా మిఠాయి కొట్టుకు మనుషుల కంటే ముందు తేనెటీగలు వస్తాయి. కొట్టు బెంగాల్లోని ఖరగ్‌పూర్‌లో, ప్రేమ్ బజార్‌లో, ఇంజనీరింగ్ కాలేజీ గేటుకు దగ్గర్లో ఉంది. ఆ రోజుల్లో చుట్టుపక్కల ఊళ్ల నుంచి కొత్త ఈత బెల్లం దిగుతుంది. మేం దాంతో అరిసెలూ బెల్లం కాజాలూ చేస్తాం. పొద్దున్నే కళాయిలో పాకం కాగి ఆ వాసన వీధిలోకి పోయిందంటే చాలు, ఎక్కణ్ణుంచి వస్తాయో గాని, కాసేపట్లో పళ్లాల మీదా, గాజు బీరువా అంచుల మీదా, నా కొంగు మీదా అవే. కాలేజీలో కొత్తగా చేరిన పిల్లలు చూసి ఒక అడుగు వెనక్కి వేస్తారు. పాతవాళ్లు వాటిని చేత్తో మెల్లగా పక్కకి తోసి కాజా తీసుకుని పోతారు.

మా అత్తగారు వాటిని తోలనిచ్చేది కాదు. "ఆటి తిండి అవి తింటాయి. మనకాడ తరిగిపోద్దేటి?" అనేది.

నేను పుట్టింది ఈ ఊళ్లోనే, ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో. మా నాన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. ఆయన బట్టల్లోంచి ఎన్ని ఉతుకులు ఉతికినా పోని గ్రీజు వాసన మధ్య పెరిగి, పెళ్లయ్యాక ఈ బెల్లం వాసనలోకి వచ్చాను. పాకం పట్టడం మా అత్తగారే నేర్పింది. చెమ్మచేసుకున్న వేళ్ల మధ్య సాగే తీగను చూసి ఇది లేతపాకం, ఇది ముదురుపాకం అని చెప్పగలగడానికి నాకు కొన్నేళ్లు పట్టింది. ఆ తర్వాత ఆవిడ గరిట నా చేతికిచ్చి గల్లా పక్కన పీట వేసుకుని కూర్చుంది. తేనెటీగలు నన్ను కుట్టలేదని కాదు. వేళ్ల మీద, మోచేతి మీద, ఒకసారి కనురెప్ప మీద కూడా కుట్టాయి. మండేది, వాచేది, రెండ్రోజులకు తగ్గేది. దాన్ని నేను పొయ్యి సెగలాంటిదే అనుకున్నాను. ఈ పని చేసేవాళ్లకు తప్పదు కదా అని.

కొన్నేళ్ల కిందట ఒక శీతాకాలపు మధ్యాహ్నం, భోజనాల తర్వాత, కొట్టు వెనకాల గిన్నెలు తోమే చోట ఉన్నాను. గోడకు ఆనించి పాత రేకులు ఉంటాయి. వాటి మీద ఆరేసిన గోనెపట్టా తీద్దామని లాగాను. మెడ వెనక, జుట్టు మొదట్లో, కాల్చిన సూది దింపినట్టయింది. చేత్తో కొట్టుకుని చూస్తే చేతిలో ఏమీ లేదు. నా కేకకు మా ఆయన వచ్చారు.

"ఏటైనాదే?"

"ఏదో కుట్టినాదండి, మెడకాడ."

"తేనెటీగే అయ్యుంటాది. ఆగు, సున్నం రాస్తాను," అని తమలపాకుల డబ్బాలోంచి సున్నం తీసి గట్టిగా రుద్దారు. నేను లోపలికొచ్చి మళ్లీ పొయ్యి దగ్గర కూర్చున్నాను.

ముందు అరిచేతులు దురదపెట్టాయి. డబ్బులొస్తాయేమోలే అని నవ్వుకున్నాను కూడా. తర్వాత అరికాళ్లు. తర్వాత నోట్లో రాగిచెంబు నాకినట్టు ఒక రుచి. పెదవులు నావి కానట్టు మందంగా అయిపోయాయి. చేతుల మీద ఎర్రగా దద్దుర్లు, నేను చూస్తూండగానే ఒకదాన్నొకటి కలుపుకుంటూ పైకి పాకాయి. కడుపులో మెలిపెట్టింది. వీటన్నిటి కంటే వింతైనది ఇంకొకటి ఉంది. నేను ఇప్పుడు చచ్చిపోతున్నాను అని నాకు తెలిసిపోయింది. ఎవరూ చెప్పకుండానే, ఇంకా భయం కూడా పుట్టకుండానే, ఆ సంగతి ఒంట్లోంచి మనసులోకి వచ్చి కూర్చుంది. అది జబ్బులో ఒక భాగమేనని, చాలామందికి అలాగే అనిపిస్తుందని తర్వాత ఆసుపత్రిలో చెప్పారు.

మా అత్తగారు నా వైపు చూసి పీట మీంచి లేచిపోయింది. "ఓలమ్మో! దీని మొకం సూడరా! బూరెలా పొంగిపోనాది! బండి పిలు, బండి పిలు!"

మా ఆయన కాలేజీ గేటు దగ్గర ఆగిన టోటో రిక్షాను అరిచి పిలిచారు. నన్ను ఎత్తి కూర్చోబెట్టింది ఎవరో నాకు గుర్తులేదు. దారిలో గొంతు లోపల ఎవరో పిడికిలి పెట్టి మెల్లగా తిప్పుతున్నట్టుంది. పీల్చిన గాలి సగం దారిలోనే ఆగిపోతోంది. మా ఆయన "జల్దీ దాదా, జల్దీ" అని టోటో అతన్ని బతిమాలుతున్న మాటలు దూరంగా, నీళ్లలోంచి వినబడ్డట్టు వినబడ్డాయి.

ఆసుపత్రిలో ఒక బెంగాలీ డాక్టరమ్మ ఉంది. నా కంటే చిన్నది, సన్నటి మనిషి. నన్ను చూసిందో లేదో, ఏమీ అడక్కుండా చీర మీంచే తొడలోకి సూది దింపింది. కాళ్లు ఎత్తు మీద పెట్టించింది. ఆ తర్వాత జరిగింది ఎన్నిసార్లు తలుచుకున్నా నాకు అబ్బురంగానే ఉంటుంది. గొంతులో పిడికిలి వదులైంది. ఒక ఊపిరి లోపలి దాకా వెళ్లింది. ఇంకొకటి ఇంకా లోతుకు వెళ్లింది. అంతవరకూ నేను వేల వేల ఊపిర్లు తీసి ఉంటాను, ఒక్కదాన్నీ ఇలా చూడలేదు. గుండె దడదడలాడింది, చేతులు వణికాయి, కానీ గాలి వస్తోంది. సూది గొట్టంలో ఉన్న మందు ఎంత? పాకంలో వేసే యాలకుల పొడి కూడా దానికంటే ఎక్కువే ఉంటుంది.

ఆ రోజు, మర్నాడు అక్కడే ఉంచారు. తెల్లారి డాక్టరమ్మ మంచం పక్కన కూర్చుని అడిగింది. "మౌమాఛి, నా బోల్తా?" తేనెటీగా, కందిరీగా అని.

"తేనెటీగేనండి," అన్నారు మా ఆయన హిందీలో. "మా కొట్టు నిండా అవే."

"కళ్లతో చూశారా?"

"లేదండి."

"చర్మంలో ముల్లు మిగిలిందా? తేనెటీగ కుడితే ముల్లు అక్కడే వదిలేసి పోతుంది. కందిరీగ సాధారణంగా తన ముల్లు తాను పట్టుకుపోతుంది."

మా ఆయన నా వైపు చూశారు. సున్నం రుద్దిన చోట ముల్లుందో లేదో ఎవరం చూడలేదు. డాక్టరమ్మ మెడ మీద వెతికింది గాని అప్పటికే అదంతా వాచి, ఎర్రగా కంది, ఏమీ ఆనవాలు దొరకలేదు.

ఆమె మెల్లగా, నాకు అర్థమయ్యే బెంగాలీలో చెప్పింది. ఇది మామూలు వాపు కాదు. నా ఒళ్లు ఆ విషాన్ని చూసి అతిగా తిరగబడింది. అదే పురుగు ఇంకోసారి కుడితే ఇలాగే జరగొచ్చు, ఇంతకంటే ఘోరంగానూ జరగొచ్చు. ఏ పురుగో తేలేదాకా మిఠాయి కొట్టులో కూర్చోవద్దు. మందు నింపిన సూది ఎప్పుడూ దగ్గర ఉంచుకోవాలి.

"ఏ పురుగో ఎలా తేలుతుంది దీదీ? అది ఎగిరిపోయింది కదా," అన్నాను.

"పురుగు అక్కర్లేదు," అంది ఆమె. "మీ రక్తాన్ని అడుగుదాం."

అయితే అప్పుడే కాదట. నెలా నెలన్నర ఆగాలట. ఎందుకని అడిగితే, విషాన్ని గుర్తుపట్టే పదార్థం ఒకటి రక్తంలో ఉంటుంది, కుట్టినప్పుడు అది చాలా మట్టుకు ఖర్చయిపోయి ఉండొచ్చు, ఇప్పుడు వెతికితే లేదనిపించి మనల్ని మోసం చెయ్యొచ్చు, మళ్లీ తయారవనివ్వాలి అంది. తోడేసిన బావిలో నీళ్లు ఊరేదాకా ఆగడం లాంటిదని నేను అర్థం చేసుకున్నాను.

నన్ను ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో మా అమ్మ దగ్గరికి పంపించారు. నాన్న పోయాక అమ్మ తమ్ముడి క్వార్టరులో ఉంటోంది. తమ్ముడు కూడా వర్క్‌షాపులోనే పని. ఆ ఇంట్లో నేను చేసేదేమీ లేదు. తలుపులు కిటికీలు వేసుకుని కూర్చునేదాన్ని. ఈగ ముసిరినా లేచి నిలబడేదాన్ని. ఒకసారి తమ్ముడి మోటారు సైకిలు సందు మలుపులో గుర్రుమంటే చెవులు మూసుకున్నాను. ఇన్నేళ్లు తేనెటీగల మధ్య చెయ్యి పెట్టి పని చేసిన మనిషిని నేనేనా అనిపించేది.

అమ్మకు ఈ రక్తపరీక్ష మాట అస్సలు ఎక్కలేదు.

"నెత్తురుకేటి తెలుస్తాదే, ఏ పురుగు కరిసినాదో? దానికి కళ్లున్నాయేటి?" అంది బియ్యం చెరుగుతూ.

"డాక్టరమ్మ సెప్పినాదమ్మా."

"సెప్తాది. కరిసింది మెడకాడ. నెత్తురు తీసేది సేతికాడ. మెడకాడ నెత్తురు తియ్యమను, ఏటైనా తెలిస్తే తెలుస్తాది."

నాకు నవ్వొచ్చింది గాని, ఆ ప్రశ్న నా లోపలా ఉంది. చేతిలో తీసిన రక్తం మెడ సంగతి ఎలా చెబుతుంది? కుట్టింది ఒక్క క్షణం. ఆ క్షణం ఒళ్లంతా ఎలా పాకి ఉంటుంది?

రెండు మూడు రోజులకోసారి మా ఆయన వచ్చేవారు. ఒకసారి మా అత్తగారు కూడా వచ్చింది. సంచిలోంచి ఒక బెల్లం కాజా తీసి నా చేతిలో పెట్టింది. కొరకబోయాను, పన్ను దిగలేదు.

"నీ మొగుడు పట్టిన పాకం," అంది. "వర్క్‌షాపులో ఇస్తే బోగీకి బిగిస్తారు."

మా ఆయన తలదించుకుని నవ్వారు. ఆయన ముఖంలో అలసట కనబడింది. నేను మళ్లీ కొట్టుకు రాగలనో లేదో అన్న మాట ముగ్గురిలో ఎవరూ ఎత్తలేదు. లేచేటప్పుడు అత్తగారు మాత్రం నా తల మీద చెయ్యి పెట్టి, "కొట్టు పోతే పోతాది, నువ్వుంటే సాలు," అంది. ఆ కొట్టు ఆవిడ కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఆవిడ ప్రాణం. ఆ మాట ఆవిడ నోటి నుంచి వస్తుందని నేను అనుకోలేదు.

చెప్పిన గడువు దాటాక రక్తం ఇవ్వడానికి వెళ్లాను. చిన్న గది, ఒక కుర్చీ, ఒక టేబుల్, మూలన తిరిగే మిషను. రక్తం తీసే అతను, అన్నా అన్నట్టు అందరూ దాదా అని పిలిచే నెమ్మదైన మనిషి. "భొయ్ పాబేన్ నా దీదీ," భయపడకండి అంటూనే సూది పెట్టాడు. పసుపు మూత గొట్టంలోకి నా రక్తం నల్లగా, చిక్కగా, ముదురు బెల్లం పాకంలా దిగింది. అది కాసేపు గడ్డకట్టాలి, తర్వాత మిషనులో తిప్పాలి, మీరు వెళ్లొచ్చు అన్నాడు. నేను వెళ్లలేదు. చూడొచ్చా అని అడిగాను. అతను ఆశ్చర్యపోయి, కూర్చోమన్నాడు.

మిషను ఆగాక గొట్టం తీసి దీపం వెలుగుకు పట్టి చూపించాడు. కింద ఎర్రటి గడ్డ. దాని మీద, ఎవరో గీత గీసినట్టు వేరుపడి, లేత పసుప్పచ్చ నీరు. వడగట్టిన తేట పాకం అచ్చంగా అలాగే ఉంటుంది. మడ్డి కింద, తేట పైన. ఇన్నేళ్లు నాలో అలాంటి తేట తిరుగుతోందని నాకు తెలియదు. రక్తమంటే ఎరుపే అనుకున్నాను.

"మాకు కావాల్సింది ఈ పైనున్న నీళ్లే," అన్నాడు దాదా. "పరీక్ష ఇక్కడ కాదు. కలకత్తాలో పెద్ద ల్యాబు ఉంది. ఐసు పెట్టెలో పెట్టి సాయంత్రం హౌరా లోకల్‌లో పంపిస్తాం."

సాయంత్రం అమ్మ ఇంటి గుమ్మంలో కూర్చుని రైళ్ల కూతలు విన్నాను. ఆ ఊళ్లో పుట్టినవాళ్లకు రైలుకూత చెవికి ఆనదు, అది గాలిలాంటిది. ఆ రోజు మాత్రం ప్రతి కూతా విన్నాను. వాటిలో ఒక రైల్లో, కూరగాయల బుట్టల మధ్యనో, ఆఫీసు మనుషుల కాళ్ల దగ్గరో, నాకు తెలియని నా సంగతి చెప్పడానికి నాలోంచి తీసిన తేట నీరు పోతోంది.

ఫలితం వచ్చిందని ఫోను వస్తే నేనూ మా ఆయనా వెళ్లాం. డాక్టరమ్మ కాగితం చూసి నుదురు చిట్లించింది.

"రెండూ వచ్చాయి," అంది. "తేనెటీగా ఉంది, కందిరీగా ఉంది."

మా ఆయన "అయితే కొట్టు మాట..." అని ఆగిపోయారు.

"ఆగండి," అంది ఆమె. "ఈ పరీక్ష ఎలా చేస్తారో చెబుతాను. ఒక చోట తేనెటీగ విషం, ఇంకో చోట కందిరీగ విషం ఉంచుతారు. మీ రక్తపు తేటను రెండిటి మీదా వేస్తారు. మీ రక్తంలో ఐజీఈ అనే పదార్థం ఉంటుంది. అది దేన్ని గుర్తుపడితే దాన్ని పట్టుకుంటుంది. తర్వాత కడిగేసి, ఎంత పట్టుకుని ఉందో కొలుస్తారు. మీది రెండిటినీ పట్టుకుంది. నిజంగానే మీ ఒంటికి రెండూ పడకపోవచ్చు. కానీ ఇంకో కారణం కూడా ఉండొచ్చు. ఆ రెండు విషాల్లోనూ ఒకే రకం చక్కెర అంటుకుని ఉంటుంది."

"ఏమిటీ?" అన్నాను నేను.

"చక్కెర. మీరు వాడేది కాదు, ఆ జాతి పదార్థం. విషంలో ఉండే ముక్కలకు అది అతుక్కుని ఉంటుంది. కొన్ని మొక్కల్లోనూ ఉంటుంది. మీ రక్తం ఆ చక్కెరను పట్టుకుంటే రెండు చోట్లా ఉన్నట్టే కనబడుతుంది. దానివల్ల మనిషికి సాధారణంగా ఏ హానీ ఉండదు. పరీక్షనే తికమక పెడుతుంది."

మా ఆయన నా వైపు తిరిగి తెలుగులో, "విషంలో కూడా సెక్కిరేనేటే!" అన్నారు. ఆయన గొంతులో నవ్వు లేదు. గుడిలో మాట్లాడినట్టు మాట్లాడారు.

డాక్టరమ్మ ఇంకో పరీక్ష రాసింది. అందులో మొత్తం విషం వాడరట. తేనెటీగకు మాత్రమే ఉండే ముక్కలు కొన్ని, కందిరీగకు మాత్రమే ఉండే ముక్క వేరే, ఆ చక్కెర లేకుండా విడిగా తయారుచేసి ఉంచుతారట. పురుగు కూడా లేకుండా, దాని విషంలో ఒక్క పోగును మనుషులు ఎక్కడో తయారుచెయ్యగలరన్న మాట నమ్మలేక ఆమెచేత మళ్లీ చెప్పించుకున్నాను. పాకంలోంచి తీపిని తీసేసి మిగతాది అట్టే పెట్టమంటే నేను పెట్టగలనా? ఎవరో పెట్టారు. నా ముఖం చూడని వాళ్లు, నా భాష రాని వాళ్లు, ఇలాంటి ఒక మనిషికి ఎప్పటికైనా అవసరపడుతుందని.

మళ్లీ గొట్టం, మళ్లీ తేట, మళ్లీ రైలు.

ఈసారి ఫలితం చూసి డాక్టరమ్మ కాగితం మా వైపు తిప్పింది. తేనెటీగ ముక్కల దగ్గర ఏమీ లేదు. కందిరీగ దగ్గర ఉంది, బాగానే ఉంది.

"బోల్తా," అంది.

నాకు వెంటనే ఏడుపొచ్చింది. ఎందుకొచ్చిందో చెప్పలేను. తేనెటీగ కాదన్న సంతోషం ఒకటి. దానికంటే, ఎవరూ చూడని ఒక పురుగును, నా కన్ను చూడనిదాన్ని, నా చెయ్యి పట్టుకోలేనిదాన్ని, నా లోపల ఏదో చూసి ఉంచుకుందన్న ఆశ్చర్యం ఒకటి.

ఆమె తొందరపడనివ్వలేదు. "ఇందులోనూ కొంచెం అనుమానం మిగిలే ఉంటుంది. ల్యాబులో పరీక్షించే కందిరీగ విదేశాలది. మీ ఊరిది దానికి దాయాది. అయినా పోలిక ఉంటుంది కాబట్టి పట్టుబడుతుంది. తేనెటీగ సంగతి, ఈ పరీక్ష ఒక్కటే అయితే నేను గట్టిగా చెప్పేదాన్ని కాదు. కానీ అవి మిమ్మల్ని ఇన్నేళ్లుగా కుడుతూనే ఉన్నాయి, ఏమీ కాలేదు. ఆ మాటా ఈ పరీక్షా ఒకే వైపు చూపిస్తున్నాయి. ఇంకో మాట. ఇలా తిరగబడాలంటే కందిరీగ మిమ్మల్ని అంతకుముందు ఎప్పుడో ఒకసారి కుట్టి ఉండాలి. మొదటిసారికి రక్తం నేర్చుకుంటుంది. తర్వాతే తిరగబడుతుంది."

"నన్ను ఎప్పుడూ కుట్టలేదు దీదీ," అన్నాను.

"గుర్తులేదేమో," అంది ఆమె.

అమ్మకు చెబితే చేట పక్కన పెట్టింది.

"ఎందుకు కరవనేదు? సిన్నప్పుడు, మన పాత కోటరు ఎనక జాంసెట్టు ఎక్కి దిగినప్పుడు కరిసినాది కాదేటి? కాలు పొంగితే రెండ్రోజులు బడికి పోనేదు. మీ నాన ఉల్లిపాయ రాసినాడు."

నాకు జామచెట్టు గుర్తుంది. కుట్టిన సంగతి ఎంత తవ్వుకున్నా రాలేదు. ఆ తర్వాత డాక్టరమ్మనడిగితే, అదే అని చెప్పలేం, అంత పాతదే కానక్కర్లేదు, మధ్యలో ఇంకెప్పుడైనా మీరు గమనించకుండా కుట్టి ఉండొచ్చు అంది. ఏదైతేనేం, నేను పారేసుకున్నదాన్ని నా నెత్తురు దాచింది. నాన్న గొంతు ఎలా ఉండేదో నేను ఇప్పుడు సరిగ్గా పలికి చూపించలేను. మా పదో తరగతి టీచర్ల పేర్లు సగం మర్చిపోయాను. ఒక పురుగు ఒక్క క్షణం వదిలివెళ్లిన చుక్కను మాత్రం నా ఒళ్లు, నాతో మాట కూడా చెప్పకుండా, పోగొట్టుకోకుండా మోసుకొచ్చింది.

అమ్మ ఏమనుకుందో, నా చెయ్యి తీసుకుని సూది గుచ్చిన చోట బొటనవేలితో రాసింది. "దీనికే కళ్లున్నాయి గావాల," అంది.

డాక్టరమ్మ సలహా మీద మా ఆయనా, పురుగుల మందు కొట్టే మనిషీ కలిసి కొట్టు వెనక రేకులు కదిపారు. రెండో రేకు లోపలి వైపు, గోనెపట్టా వేలాడే చోటికి సరిగ్గా వెనక, కందిరీగల గూడు ఉంది. బూడిదరంగు కాగితంలాంటి గూడు, తామర కాయలా చిన్న చిన్న గదులు. దాని మీద పొడుగాటి కాళ్ల కందిరీగలు కొన్ని, చలికి కదల్లేక ముడుచుకుని ఉన్నాయట. నేను అక్కడ లేను. మందు కొట్టి, అంతా శుభ్రం చేసి, ఖాళీ గూడును మా ఆయన సీసాలో పెట్టి నాకు చూపించడానికి తెచ్చారు. చాలాసేపు తిప్పి తిప్పి చూశాను. నన్ను చంపబోయిన ఇల్లు అది. కానీ దాని పనితనం చూస్తే, ఎక్కడా ఒక గది పక్కగదితో తగువు పడినట్టు లేదు. కొయ్య నమిలి ఉమ్మితో అంత సన్నటి గోడలు కట్టుకుంటాయట. కోపం రాలేదు. దండం పెట్టాలనిపించింది గాని, మా అత్తగారు చూస్తే ఏమంటుందోనని ఊరుకున్నాను.

కొట్టుకు తిరిగి వెళ్లే ముందు డాక్టరమ్మ మా ముగ్గుర్నీ కూర్చోబెట్టి సూది వెయ్యడం నేర్పింది. తొడకు బయటి వైపు, బట్ట మీంచైనా సరే, సంకోచించకుండా, ఆ వెంటనే ఆసుపత్రికి. మందు లేని సూదితో మా ఆయన సొరకాయ మీద సాధన చేశారు. సూది మొన ఆనించి ఆగిపోయారు. మా అత్తగారు ఆయన చేతిలోంచి సూది లాక్కుని ఒక్క పోటు పొడిచింది. సొరకాయకు అవతలి దాకా దిగిపోయింది.

"అంత గట్టిగా వద్దు మాషీమా!" అంది డాక్టరమ్మ, నవ్వాపుకుంటూ.

"నా కోడలు ఊపిరాగిపోతుంటే మెల్లగా పొడుస్తానేటి?" అంది అత్తగారు తెలుగులో. నేను బెంగాలీ చేసి చెప్పాను. డాక్టరమ్మ ఆవిడ చేతులు రెండూ పట్టుకుంది.

కందిరీగ విషాన్నే కొంచెం కొంచెంగా ఎక్కిస్తూ ఒంటిని అలవాటు చేసే వైద్యం ఒకటుందనీ, అది మన దేశంలో అన్నిచోట్లా దొరకదనీ, వీలైనప్పుడు పెద్ద ఊళ్లో కనుక్కుందామనీ ఆమె చెప్పింది. ఇంకా కనుక్కుంటూనే ఉన్నాం. అప్పటిదాకా రెండు సూదులు నా సంచిలో, ఒకటి గల్లా పెట్టె పక్కన ఉంటాయి. రేకులు తీసేశాం. నెలకోసారి మా ఆయన చూరు కిందంతా టార్చి వేసి చూస్తారు.

మళ్లీ పొయ్యి దగ్గర కూర్చున్న మొదటి పొద్దున నా చేతులు మొరాయించాయి. ఒక తేనెటీగ వచ్చి గరిట కాడ మీద వాలింది. ఊపిరి బిగపట్టాను. అది తన దారిన పాకం చుక్క తాగి పోయింది. మధ్యాహ్నానికి పాకం తీగ సాగిందో లేదో చూసే ధ్యాసలో పడి వాటి సంగతి మర్చిపోయాను.

ఈ మధ్య మళ్లీ రక్తం ఇచ్చి వచ్చాను. ఆ ఐజీఈ ఇప్పుడు ఎంతుందో చూద్దామని డాక్టరమ్మ అంది. రక్తం తీసే దాదా నన్ను గుర్తుపట్టి, అడక్కుండానే గొట్టం వెలుగుకు పట్టి చూపించాడు. పక్కన కుర్చీలో తన వంతు కోసం కూర్చున్న ముసలాయన కూడా మెడ చాచి చూశాడు. ముగ్గురం కాసేపు ఆ పసుప్పచ్చ తేటను చూస్తూ ఉండిపోయాం.

ఫలితం వచ్చాక డాక్టరమ్మ, "కొంచెం తగ్గింది. కానీ మర్చిపోయిందని మాత్రం అనుకోకండి, సూది వదలొద్దు," అంది.

బయట మా ఆయన స్కూటర్ మీద కూర్చుని ఉన్నారు.

"ఏటన్నాది?"

"ఇంకా గుర్తుందటండి," అన్నాను వెనక ఎక్కి కూర్చుంటూ.

ఆయన తల పంకించి బండి తీశారు.